తాళం వేసి వచ్చే ఇల్లు

హన్మకొండ

బిడ్డా,

బాపట్ల కాడి సూర్యలంక బీచి దగ్గర చిన్న ఇల్లు కొందామని నువ్వు, అల్లుడు అనుకుంటున్నరట, మీ అమ్మ చెప్పింది. రెండు గదులు, ఒక వరండా, ఎండాకాలం సెలవులకు పిల్లలతోని పోయి పది దినాలు ఉండాలె. ఇరవై ఏండ్ల కింద మేమూ గట్లనే అనుకున్నం. కొన్నం, కట్టినం, పన్నెండేండ్లు ఉంచుకొని అమ్మినం. ఎందుకు అమ్మినమో మీ పెద్దబాపు ఎవ్వరికీ సరిగ్గ చెప్పడు. నేను చెప్త.

మేస్త్రీ అక్కడి బోరు నీళ్లతోనే కాంక్రీట్ కలిపిండు. నీళ్లు ఉప్పగున్నయని మాకు తెలుసు. తాగేదా ఏంది, గోడకే గదా అనుకున్నం. ఎనిమిదో ఏడు వంటింటి స్లాబు నుంచి అరచేయంత పెచ్చు ఊడి సక్కగ పొయ్యి మీద పడ్డది. అప్పుడే చాయ్ దించి పక్కకు జరిగిన. పైకి చూస్తే లోపలి చువ్వ కనబడుతున్నది. గోరుతో గీకితే పొరలు పొరలుగ రాలింది. ఉప్పులోని క్లోరైడ్ ఇనుమును తింటదట. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, స్లాబును లోపలి నుంచే పగలగొడ్తదట. ఈ ముచ్చట మాకు ఇల్లు పాడైనంక ఒక ఇంజనీరు చెప్పిండు.

నువ్వు ముందే విను. చువ్వలు వేసే కాంక్రీట్‌కు వాడే నీళ్లల్ల క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దని ఐఎస్ 456ల, అంటే కాంక్రీట్‌కు మన దేశంల పెట్టిన ప్రమాణాల పుస్తకంల, ఉన్నది. నీళ్లు ల్యాబుకు పంపు, లేకుంటే మంచినీళ్ల ట్యాంకర్ తెప్పియ్యి. సిమెంటు స్లాగ్ రకం, అంటే ఇనుప కొలిమి చిట్టెం కలిపింది, అడుగు; ఉప్పుకు అది ఎక్కువ ఆగుతది. కట్టిన ఇల్లే కొనేటట్టయితే తల పైకెత్తి స్లాబు చూడు, తుప్పు రంగు చారలు ఉన్నయా అని. ఒక్క గదికే కొత్తగ రంగు వేసి ఉంటే ఆ గదినే ఎక్కువ సేపు చూడు.

జాగ సంగతి. అక్కడ గుంటలు అంటే ఎవరికీ పట్టదు, అంతా సెంట్ల లెక్క. మన గుంట రెండున్నర సెంట్లు, అంటే 121 గజాలు. ఈసీ తీసుకో, జాగ మీద అప్పులు, పాత అమ్మకాలు ఏమున్నయో అండ్ల తెలుస్తది. సర్వే నంబరు 22ఏ జాబితాల, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యొద్దన్న భూముల జాబితాల, లేదని చూసుకో. అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకు పంచింది, అంటే ఎంత తక్కువకు ఇచ్చినా దండం పెట్టి రా. "కిటికీ తెరిస్తే అలలే" అని అమ్మేటాయన మురిసిపోతుంటే ఇంకా జాగ్రత్త పడు. పోటు గీత, అంటే పోటప్పుడు సముద్రం నీళ్లు వచ్చే హద్దు, అక్కడి నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ కిందికి, అంటే తీరంల కట్టడాల మీద ఆంక్షలున్న జాగ కిందికి, వస్తది. ఊర్ల తీరంల చాలా తావుల మొదటి 200 మీటర్లల్ల కొత్త ఇంటికి అనుమతే ఉండదు. జర లోపలికి ఉన్న జాగ అయితే ఉప్పుగాలీ తగ్గుతది. బీచికి నడిచిపోతే ఏమైతది?

ఇగ అసలు సంగతి. హన్మకొండ ఇంటికి నాలుగు నెలలు తాళం వేస్తే దుమ్ము పడ్తది, ఊడ్చుకుంటం. అక్కడ నాలుగు నెలలకు పోతే ఉప్పు డబ్బాల ఉప్పు నీళ్లయి ఉండేది. అగ్గిపుల్ల అంటుకోదు, పరుపులు ముక్కిన వాసన, ఫ్యాన్ తిరగదు. ఒకసారి ఇనుప తాళం ఎంతకీ తెరుచుకోక, రంపం కోసం మీ పెద్దబాపు బాపట్ల పోయిండు. చీకటి పడేదాక నేను, మీ చిన్నమ్మ పిల్లలతోని మెట్ల మీదనే కూసున్నం. అప్పటినుంచి ఇత్తడి తాళమే పెట్టినం. గ్రిల్స్‌కు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడ మచ్చలు పడ్తది, 316 రకం అయితే ఆగుతది. కానీ ఏ స్టీలు పెట్టినా, నెలకోసారి కిటికీలు తెరిచి ఫ్యాన్లు తిప్పే మనిషి లేకపోతే దండుగ. మేము ఒకామెకు నెలనెలా జీతం పంపినం, తెరిచిందా లేదా అని ఒక్క ఫోన్ చెయ్యలేదు. తప్పు ఆమెది కాదు.

మూడు కుటుంబాల ఇల్లు అది. మొదటి ఏడు ఆరుసార్లు పోయినం, ఆఖరి ఏడు ఒక్కసారి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలె అన్న కాడ మాటలు పెరిగినయ్. అందుకే చెప్తున్న, ముందు రెండు ఎండాకాలాలు కిరాయికి పోండ్రి. వరంగల్‌ల కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బండి మారకుండ బాపట్లల దిగుతరు. ఎన్నిసార్లు నిజంగ పోయిండ్రో క్యాలెండర్ మీద రాసుకోండ్రి.

పిల్లలు మనూరి బావిల ఈత నేర్చిండ్రని సముద్రంల వదలకు. మోకాళ్లు దాటనియ్యకు. నీళ్లు లోపలికి గుంజితే ఒడ్డుకు ఎదురీదొద్దు, పక్కకు ఈది బయటపడాలె. కార్తీకంల పోకు, జనం. అవి తుపాను నెలలు కూడ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరం దాటింది. అప్పటికే ఇల్లు అమ్మి ఐదేండ్లయింది, అయినా మీ పెద్దబాపు ఆ పొద్దంతా టీవీ ముందు నుంచి లేవలేదు.

ఆ చువ్వ ముక్క ఇంకా స్టోర్‌రూంల ఉన్నది. ఆదివారం అల్లుణ్ని తీసుకరా, చేతికిచ్చి చూపిస్త. సర్వపిండి చేసి పెడ్త.

మీ పెద్దమ్మ