గ్రామసభలో దేవుడి మాట ఎత్తితే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు దగ్గర పల్లె. బడికి పోయే దారిలో వైన్ షాపు పెడతారని తెలిసి గ్రామసభలో నేను లేచి, "మందు మా దీన్‌లో హరాం, ఊళ్లో షాపు వద్దు" అన్నాను. చర్చికి పోయే ఒకామె బైబిల్ మాట చెప్పింది. ఒక పెద్దమనిషి "ఇది సెక్యులర్ దేశం, సభలో మతం ఎత్తితే కేసు పెడతా" అన్నాడు. మా మాటలు మినిట్స్ పుస్తకంలో రాయలేదు. నిజంగానే కేసు అవుతుందా? పంచాయతీ ఎన్నికల్లో వార్డుకు నిలబడాలని ఉంది. అప్పుడూ ఇదే మాట చెప్పొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ధైర్యంగా ఉండండి. మీరన్న మాటకు కేసు నిలవదు. రాజ్యాంగం 19వ అధికరణం మీకు మాట్లాడే హక్కు ఇచ్చింది, 25వ అధికరణం మీ విశ్వాసాన్ని నలుగురిలో చెప్పుకునే హక్కు ఇచ్చింది. 'సెక్యులర్' అన్న మాట 1976లో పీఠికలో చేరింది. ప్రభుత్వం ఏ మతం పక్షానా ఉండకూడదని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ కట్టుబాటు ప్రభుత్వానికి. సభలో లేచిన పౌరురాలు ఏ కారణం చెప్పాలన్నది ఆమె ఇష్టం.

రాజ్యాంగ సభలోనే ఇది జరిగింది. 1949 అక్టోబర్ 17న హెచ్.వి. కామత్, పీఠిక దేవుడి పేరుతో మొదలవ్వాలని సవరణ పెట్టారు. నోరు మూసుకోమని ఆయన్ను ఎవరూ బెదిరించలేదు. అలా రాస్తే విశ్వాసం విషయంలో బలవంతం చేసినట్టే అని కొందరు వాదించారు. ఓటు పెడితే అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి. మీ సభలోనూ జరగాల్సింది అదే. నచ్చనివాళ్లు ఎదురు వాదించాలి. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వెంకన్న దర్శనానికి వచ్చే జిల్లా మనది, పక్కింటివాళ్ల దేవుడి మాట వినడం మనకు కొత్త కాదు.

కేసు ఎప్పుడవుతుంది? మతాల మధ్య ద్వేషం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్, ఒక మతాన్ని కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే 299వ సెక్షన్. "ఫలానా మతంవాళ్లే తాగి ఊరు చెడగొడుతున్నారు, తరిమేయండి" అని ఉంటే చిక్కే. మీరు అలా అనలేదు.

ఇక అసలు సంగతి. మీరు హరాం అనొచ్చు, అధికారి మాత్రం ఆ కారణంతో షాపు ఆపలేడు. "ఇస్లాంలో నిషిద్ధం కనుక లైసెన్సు రద్దు" అని ఆర్డరు రాస్తే హైకోర్టులో ఒక్క వాయిదా కూడా నిలవదు. అందుకే ఏ మతంవాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా కొలిచి చూసుకోగల కారణాలు అర్జీలో పెట్టండి. బడికి, గుడికి, మసీదుకు షాపు ఎంత దూరం ఉండాలో ఎక్సైజ్ నిబంధనల్లో ఉంది, టేపు పట్టి కొలిపించండి. పక్కన హైవే ఉంటే 500 మీటర్లు, 20 వేల లోపు జనాభా ఉన్న చోట్ల 220 మీటర్లు దూరం ఉండాలని 2016, 2017 ఆదేశాల్లో సుప్రీంకోర్టు చెప్పింది. మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణమే అంటోంది, అది కూడా రాయండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచినప్పుడు, సంసారాలు గుల్లవుతున్నాయన్న వాళ్ల మాట అన్ని ఇళ్లకూ తగిలింది. మరుసటి ఏడే సారా నిషేధం వచ్చింది. మీ విశ్వాసం మాట కూడా ఒక వాక్యం ఉండనివ్వండి, అందులో దాచాల్సిందేమీ లేదు. గ్రామసభ తీర్మానానికి విలువ ఉంది గానీ, లైసెన్సు ఇచ్చేది ఎక్సైజ్ శాఖ కాబట్టి అర్జీ అక్కడికీ, కలెక్టరుకూ వెళ్లాలి.

మినిట్స్ సంగతి: మీ అభ్యంతరం కాగితం మీద రాసి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. మినిట్స్ నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి.

ఎన్నికల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య. అభ్యర్థి మతమైనా, ఓటరు మతమైనా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు 4-3 తీర్పుతో తేల్చింది. మతం, కులం వల్ల పడ్డ బాధల గురించి మాట్లాడే దారి మూసుకుపోకూడదన్న, ఆ తీర్పుతో విభేదించిన ముగ్గురు జడ్జీల ఆందోళన నాకు సరైనదే అనిపిస్తుంది, కానీ అమలయ్యేది మెజారిటీ తీర్పే. ఆ చట్టం అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు. మన పంచాయతీరాజ్ చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది. "గెలిస్తే షాపు రానివ్వను" అనండి, తప్పులేదు. "ముస్లింలంతా నాకే వేయాలి" అనొద్దు. "నాకు వేయకపోతే అల్లా ఆగ్రహిస్తాడు" అని మీ తరఫున ఎవరూ అనకుండా చూసుకోండి, దైవాగ్రహం పేరు చెప్పి ఓటరును భయపెట్టడం అదే సెక్షన్‌లో వేరే తప్పు. మసీదు మైకులో ప్రచారం అసలే వద్దు. ప్రార్థనా స్థలాలను రాజకీయాలకు వాడకూడదని 1988లోనే చట్టం వచ్చింది. గుడికీ, చర్చికీ అదే వర్తిస్తుంది. అందులో జైలుశిక్ష ఐదేళ్ల దాకా ఉంది, మైకు ఇచ్చిన ముతవల్లీ (మసీదు నిర్వహణ చూసే పెద్ద) గారు కూడా ఇరుక్కుంటారు.