అంబాసిడర్ పెట్రోల్ ఇంజనుకు ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడితే 2, 3 ప్లగ్గులే ఎందుకు నల్లబడతాయి?

అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు కార్బురేటర్ తీసేసి గాలి లోపలికి వెళ్లే దారికి (పోర్టుకు) ఒకటి చొప్పున పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు రెండు బిగించానని, 2, 3 ప్లగ్గులు మసిబారుతుంటే 1, 4 ప్లగ్గులు సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయని (పెట్రోలు ఎక్కువైతే మసి, తక్కువైతే తెలుపు), మ్యాపు, అంటే ఏ వేగానికి, ఏ లోడుకు ఎంత పెట్రోలు కొట్టాలన్న పట్టిక, ఎంత మార్చినా తేడా పోవడం లేదని మీరు రాశారు. మా నాన్నగారి కారుకు ఇదే పని చేసినప్పుడు నేనూ సరిగ్గా ఇక్కడే నెల రోజులు ఇరుక్కుపోయాను. లోపం మ్యాపులో లేదు, పెట్రోలు పడే వేళలో ఉంది.

బీఎంసీ బీ-సిరీస్‌కు చెందిన ఈ ఇంజనులో 1, 2 సిలిండర్లకు కలిపి ఒక ఇన్‌టేక్ పోర్టు, 3, 4కు కలిపి మరొకటి ఉంటాయి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2 కాబట్టి మొదటి పోర్టులో ముందు 2 పీలుస్తుంది, క్రాంక్ అర చుట్టు తిరిగాక 1 పీలుస్తుంది, ఆపైన సుమారు ఒక చుట్టు సేపు ఆ పోర్టులో ఎవరూ పీల్చరు. ఆ విరామంలో పడిన పెట్రోలు చాలావరకు 2కే పోతుంది. 1 కోసం కొట్టినది కాస్త ముందు పడితే ఇంకా పూర్తిగా మూసుకోని 2 వాల్వు లాగేస్తుంది; ఆలస్యమైతే పోర్టు గోడలకు అంటుకుని, మరుసటి విడతలో మళ్లీ 2కే దక్కుతుంది. రెండో పోర్టులో 3, 4 కథ కూడా ఇదే.

అందువల్ల ఒక్కో ఇంజెక్టర్ 720 డిగ్రీల్లో, అంటే క్రాంక్ రెండు చుట్లలో, రెండుసార్లు, ఒక్కో సిలిండర్‌కు విడిగా తెరుచుకోవాలి. ఇలాంటి పోర్టులే ఉన్న మినీ కారుకు రోవర్ కంపెనీ 1991లో సింగిల్ పాయింట్ (అన్ని సిలిండర్లకూ కలిపి ఒకే ఇంజెక్టర్) పెట్టి, 1996లో పోర్టుకొక ఇంజెక్టర్‌కు మారింది. సిలిండర్‌కు విడిగా కొట్టడానికి క్రాంక్ సెన్సార్ ఒక్కటే చాలదు, రెండు చుట్లలో ఇది ఏ చుట్టు అన్నది ఈసీయూకు (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌కు) తెలియాలి. నేను పాత డిస్ట్రిబ్యూటర్ లోపల ఒక ఇనుప పన్ను, అది ఎదురుగా వచ్చినప్పుడల్లా పసిగట్టే ఒక హాల్ సెన్సార్ అమర్చాను. అది క్రాంక్‌కు సగం వేగంతోనే తిరుగుతుంది కనుక సరిపోయింది.

అసలు చిక్కు ఇంజెక్టర్ సైజుతో వస్తుంది. ఒక్కో సిలిండర్‌కు దక్కేది అర చుట్టే; 5000 ఆర్‌పీఎం వద్ద అర చుట్టు అంటే 6 మిల్లీసెకన్లు, అందులో దాదాపు ఒకటి ఇంజెక్టర్ తెరుచుకోవడానికే పోతుంది. అందుకని నిమిషానికి 300 సీసీకి పైగా చిమ్మే ఇంజెక్టర్ కావలసి వచ్చింది, దాంతో ఐడిలింగ్‌లో పల్సు (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) మరీ చిన్నదై ఇంజను తడబడింది. ఐడిలింగ్‌లో మాత్రం వేళల పట్టింపు వదిలేసి, రెండు చుట్లకొకసారి మాత్రమే కొట్టించి సర్దుకున్నాను.

కొలవడానికి మాత్రం ఈ హెడ్డే మేలు చేస్తుంది: ఎగ్జాస్టులో 2, 3 రెండూ మధ్య పోర్టులో కలుస్తాయి, 1కి, 4కి వేర్వేరు పోర్టులు ఉంటాయి. పైపులు వెల్డు చేయించి మధ్య దాంట్లో ఒకటి, 1 దాంట్లో ఒకటి వైడ్‌బ్యాండ్ సెన్సార్ (పొగలోని ఆక్సిజన్‌ను బట్టి గాలి, పెట్రోలు పాళ్లు చెప్పేది) పెడితే లోపలి, బయటి సిలిండర్ల తేడా బండి నడుస్తుండగానే కనిపిస్తుంది. ముందు 1, 4 పల్సు వేళను 10 డిగ్రీల చొప్పున జరుపుతూ రెండు రీడింగులు దగ్గరయ్యే చోటు పట్టుకోండి, ఆ తర్వాతే మ్యాపు ముట్టుకోండి.