పేరా మొదటి వాక్యం వాదనను మోస్తోందా?

ప్రశ్న: గ్రూప్-1 మెయిన్స్‌కు సాధన చేస్తున్నాను. ‘అనంతపురం కరవు’ మీద 800 మాటల వ్యాసం రాశాను. ‘వాన కొరత కన్నా, ఒక్క వేరుశనగనే నమ్ముకోవడం రైతును ఎక్కువ దెబ్బతీస్తోంది’ అన్నది నా వాదన. దిద్దినవారు ‘సమాచారం ఉంది, వాదన లేదు’ అన్నారు. నా పేరాల మొదటి వాక్యాలు: ‘జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు.’ ‘వేరుశనగ ఇక్కడి ముఖ్యమైన పంట.’ ‘ఇప్పుడు నీటి వనరులను పరిశీలిద్దాం.’ తప్పెక్కడుంది?
– ఒక అభ్యర్థి, అనంతపురం

జవాబు: వాదన గట్టిదే. తొలి పేరా దాటాక అది మళ్లీ కనిపించడం లేదు, అంతే.

మీ మొదటి వాక్యం వట్టి అంకె. దాన్ని ఎవరూ కాదనరు కాబట్టి పేరాకు నిరూపించే పనే ఉండదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పేరా అంతా వాన తక్కువనే చెబుతూ పోతే, ‘కన్నా’ అని మీరు పక్కకు నెట్టిన కారణానికే బలం చేకూరుతుంది. రెండోది అందరికీ తెలిసిన మాట. మూడోది ఏం చూడబోతున్నామో చెప్పింది కానీ ఏం తేలిందో చెప్పలేదు.

వాదన రాసి, పక్కన ‘ఎందుకంటే’ అని పెట్టి మీ వాక్యం చదవండి. ‘...దెబ్బతీస్తోంది. ఎందుకంటే సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లు.’ అతకడం లేదు కదా! ఇలా మార్చండి: ‘ఊడలు దిగే వేళ బెట్ట తగిలితే, ఏడాది వాన లెక్కకు సరిపోయినా వేరుశనగ సరిగా కాయ పట్టదు.’ ఇప్పుడు అతికింది. (ఊడలంటే పూత తర్వాత కాయ పట్టడానికి నేలలోకి దిగే కాడలు; బెట్ట అంటే వాన లేక నేల ఎండడం.) ఆ 550 అంకె, జులైలో విత్తిన పైరుకు ఆగస్టు, సెప్టెంబరుల్లో తేమ ఎందుకు కావాలన్న వివరం ఈ వాక్యం కింద సాక్ష్యాలుగా కుదురుకుంటాయి.

రెండో పేరాకు ‘ఒకే పంట వేసిన చేలో బెట్టను తట్టుకుని మిగిలే రెండో పంట ఉండదు’ అని పెడితే అంతరపంటగా కంది, దాని లోతు వేళ్లు, మెట్టకు తగిన కొర్ర అన్నీ దాని కిందికే వస్తాయి. పరిష్కారం చెప్పే పేరాకు మాత్రం ‘ఎందుకంటే’ కాదు, ‘కాబట్టి’ అతకాలి: ‘కాబట్టి హంద్రీ-నీవా కాలువ నీళ్లు అందని మెట్టకు పంట మార్పే దగ్గరి దారి.’

తెలుగులో క్రియ చివర వస్తుంది, అసలు మాట అక్కడే తేలుతుంది. అందుకే మొదటి వాక్యం 10–15 మాటల్లో ముగియాలి. ‘మరియు’తో రెండు వాదనలు కలిపితే పేరా నడుమ రెండుగా చీలుతుంది.

ఆఖరున మొదటి వాక్యాలన్నీ విడి కాగితం మీదికి ఎక్కించి, వాటి వరస తారుమారు చేసి చదవండి. ఏమీ చెడకపోతే మీరు రాసింది జాబితా.

ప్రశ్న: వాదనను మోసే ఆ వాక్యం పేరా చివర రాయకూడదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: రాయొచ్చు, కానీ పరీక్షలో వద్దు; దిద్దేవారు చివరిదాకా ఓపిక పట్టకపోవచ్చు. ఎదుటివారి వాదనను ఒప్పుకొని తిప్పికొట్టే పేరాలో మాత్రం ‘వాన తక్కువన్నది నిజమే’ అని మొదలుపెట్టి, రెండో వాక్యంలో ‘అయితే’ అంటూ మీ మాట చెప్పండి. మూడో వాక్యానికి జరిగితే పేరా ఎదుటివారిదైపోతుంది.