ఉదయగిరి, పెంచలకోన కొండలకు వెళ్లేముందు ఆన్‌లైన్ మ్యాపుల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నలుగురు స్నేహితులు సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు ఉదయగిరి దుర్గం ఎక్కి, ఇంకోరోజు పెంచలకోన గుడి పైనుంచి వాగు వెంబడి వెలిగొండల మీదికి పోదామనుకుంటున్నారు. ఫోన్లో ఓపెన్‌టోపోమ్యాప్ అని ఎత్తులూ దోవలూ చూపించే మ్యాపు ఉంది, గూగుల్ శాటిలైట్ బొమ్మలు చూశారు. ఇవి సరిపోతాయా, మనిషి తోడు కావాలా?

ఉదయగిరికి సరిపోతాయి, సరిగ్గా చదవడం వస్తే. పెంచలకోన సంగతి వేరు, అది చివర్లో చెబుతాను. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపు, ఈ కొండల్లో తిరగడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

ఏ మ్యాపైనా తెరిస్తే నేను ముందు చూసేది దాని వయసు. స్క్రీన్ మీద అన్నీ ఇవాళే గీసినట్టు కొత్తగా కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక్కో పుట్టిన తేదీ. మీ ఓపెన్‌టోపోమ్యాప్‌లో దోవలు ఎవరో ఔత్సాహికులు గీసినవి, నిన్న గీసినవీ ఉండొచ్చు. కానీ ఆ గోధుమరంగు కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, దగ్గరపడితే నిలువు, ఎడంగా ఉంటే వాలు తక్కువ) చాలావరకు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష షటిల్ పదకొండు రోజులు తిరుగుతూ రాడార్‌తో కొలిచిన ఎత్తులు. కొండ ఇరవై ఏళ్లలో కదలదు కాబట్టి పాతదైనా నష్టం లేదు. తంటా అంతా గడి సైజుతో. సుమారు ముప్పై మీటర్ల గడి ఒక్కోదానికి ఒక్కటే ఎత్తు రాసిపెట్టారు. పదిహేను మీటర్ల నిట్టనిలువు బండ ఆ గడిలో కరిగిపోయి ఓ మోస్తరు ఏటవాలుగా కనిపిస్తుంది. చెట్లు దట్టంగా ఉన్నచోట రాడార్ నేల దాకా పూర్తిగా దిగదు, కొమ్మల ఎత్తు కూడా కొంత కలిసిపోతుంది. మన ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్లో కార్టోశాట్-1 ఉపగ్రహం బొమ్మలతో చేసిన ఎత్తుల లెక్క కూడా ఉంది, దానిదీ ముప్పై మీటర్ల గడే.

అందుకే చరియల విషయంలో నేను పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్‌నే (ఎత్తులు, వాగులు, దోవలు గీసిన సర్కారు మ్యాపు) నమ్ముతాను. మనిషి కొండ దగ్గరికి పోయి చూసి, నిట్టనిలువు రాయి ఉన్నచోట రాయి గుర్తు గీశాడు. ఆ పని రాడార్ చెయ్యదు. వాళ్ల వెబ్‌సైట్లో రిజిస్టర్ చేసుకుంటే 1:50,000 షీట్లు (మ్యాప్‌లో రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు) పీడీఎఫ్‌గా ఉచితంగా దొరుకుతాయి. ఉదయగిరి పాత లెక్కలో 57ఎన్/5 షీట్లో పడుతుంది, ఇప్పుడిచ్చే షీట్లకు నంబర్లు మార్చారు, ఇండెక్స్ మ్యాప్‌లో చూసుకోండి. కాంటూరు గీతకీ గీతకీ మధ్య ఇరవై మీటర్లు. షీట్ అంచున సర్వే ఏ సంవత్సరంలో జరిగిందో ఉంటుంది, అది చదవకుండా లోపలికి పోవద్దు. ఎర్ర చుక్కల గీతలు కాలిబాటలు. అప్పట్లో కట్టెలకీ గడ్డికీ పోయే జనం వాడిన దోవలు అవి, ఇప్పుడు వాటిలో సగం కంప మూసేసింది. వాగుల రంగు కూడా చూడండి: నల్లగీత వాగు ఎండేది, నీలంగీత వాగులో ఏడాది పొడవునా నీరుంటుంది. సర్వే నాటి మాట అది.

ఇంకో చిక్కుంది. పాత షీట్లని స్కాన్ చేసి ఎవరో నెట్లో పెట్టినవి దొరుకుతుంటాయి. భూమి ఆకారాన్ని లెక్కగట్టే పద్ధతులు వేరువేరు: అవి ఎవరెస్ట్ అనే పాత లెక్కలో గీసినవి, మీ ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84 అనే కొత్త లెక్కలో చోటు చెబుతుంది. సరిచెయ్యకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైనే పక్కకి జరుగుతుంది. కొండమీద వంద మీటర్లంటే చరియకి ఈ పక్కా ఆ పక్కా తేడా. సర్వే వాళ్లు ఇప్పుడిచ్చే షీట్లకి ఈ ఇబ్బంది లేదు.

ఇక శాటిలైట్ బొమ్మ. దీనికి సంవత్సరం కంటే నెల ముఖ్యం. మనవి ఎక్కువగా ఆకురాల్చే అడవులు. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి జనవరి బొమ్మలో కొండంతా పచ్చటి దుప్పటి కప్పినట్టుంటుంది, కింద దోవ ఉందో లేదో తెలీదు. అదే మార్చి, ఏప్రిల్ బొమ్మ చూడండి. ఆకు రాలి నేల బయటపడుతుంది, మేకలు తిరిగే సన్న దోవలు తెల్లటి దారప్పోగుల్లా కనిపిస్తాయి. ఫోన్లో కనిపించే గూగుల్ మ్యాప్ మీకు ఒకే బొమ్మ చూపిస్తుంది, అది ఏ నెలదో చెప్పదు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. పైన గడియారం గుర్తు నొక్కితే పాత తేదీల బొమ్మలన్నీ వస్తాయి. దోవలకి ఎండాకాలం బొమ్మ, నీళ్లకి మీరు పోయే నెల బొమ్మ.

నీళ్లకి గూగుల్ కంటే సెంటినెల్-2 అనే యూరప్ ఉపగ్రహాల బొమ్మలు మేలు. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్లో ఉచితం, దాదాపు ఐదు రోజులకోసారి కొత్త బొమ్మ. పది మీటర్ల గడి కాబట్టి దోవలు కనిపించవు కానీ మడుగులు, చెరువులు బాగా తెలుస్తాయి. పోయిన ఏడు జనవరి బొమ్మా, ఏప్రిల్ బొమ్మా పక్కపక్కన పెట్టి చూడండి. ఫాల్స్ కలర్ అని ఒకటుంటుంది, అందులో పచ్చదనం ఎర్రగా, నీళ్లు నల్లగా వస్తాయి. ఏప్రిల్లో కూడా కోన లోపల సన్నగా ఎర్రటి గీత మిగిలిందంటే దాని అడుగున తేమ ఉన్నట్టే. ఒక్క జాగ్రత్త: కొండ దిగువన, చెరువు కట్టల పక్కన ఎండాకాలంలో పచ్చగా కనిపించిందల్లా నీళ్లు కాదు. మన సర్కారు కంప మే నెలలో కూడా పచ్చగానే ఉంటుంది. ఆ పచ్చదనం చూసి దప్పికతో అటు పోతే దక్కేది ముళ్లే.

బొమ్మల్లో కళ్లు మోసపోయే చోటొకటి ఉంది. ఈ ఉపగ్రహాలు మనమీదుగా పొద్దున పదిన్నర ప్రాంతంలో పోతాయి. చలికాలంలో అప్పటికి సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, నీడలు వాయవ్యానికి పడతాయి. మన కంటికేమో వెలుగు బొమ్మ పైవైపు నుంచి పడుతుందని అలవాటు. దాంతో లోయ గట్టులా, గట్టు లోయలా తిరగబడి కనిపిస్తాయి. అనుమానం వస్తే బొమ్మని తలకిందులుగా తిప్పి దక్షిణం పైకి పెట్టండి, సర్దుకుంటుంది.

ఇప్పుడు ఉదయగిరి. 3,079 అడుగుల కొండ. పక్కలు చాలాచోట్ల నిలువునా తెగ్గొట్టినట్టు ఉంటాయి. కృష్ణదేవరాయలంతటివాడు ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి దీన్ని తీసుకోడానికి ఏడాదికి పైగా కింద కూర్చోవలసి వచ్చింది, 1514లో గానీ చిక్కలేదు. మీకు దీనివల్ల ఉపయోగం ఏంటంటే, కోట కట్టినవాళ్లు మీకంటే ముందే ఆ కొండని చదివిపెట్టారు. ఎండాకాలం బొమ్మని బాగా దగ్గరికి తెచ్చి, కొండ అంచు వెంబడే చూస్తూ పోండి. చెట్ల మధ్యలో తిన్నగా, లేత రంగులో, పక్కనే సన్నటి నీడతో ఒక గీత కనిపిస్తే అది గోడ. కాసేపటికి గోడ ఆగిపోతుంది. అక్కణ్ణుంచి అంచు అంతా నిలువు బండ, గోడతో పనిలేదు. మళ్లీ ఎక్కడ గోడ మొదలవుతుందో అక్కడ మనిషి ఎక్కగలిగే సందు ఉన్నట్టు. గోడ ఉన్నచోటే దోవ ఉంటుంది, గోడ లేనిచోట ప్రయత్నించొద్దు. ఆ గోడల్ని కాంటూరు గీతల మీద పెట్టి చూస్తే గీతలు కాస్త విడివడే చోట్లే గోడలు పడతాయి. ఎప్పుడు చూసినా నాకు సరదాగా ఉంటుంది.

కింద ఊళ్లో గంటసేపు ఆగి మేకలు కాసేవాళ్లతో మాట్లాడండి. "దోవ ఎటు?" అని అడగొద్దు, ఎవరైనా చెయ్యి కొండ వైపు ఊపేస్తారు. "మేకలు సాయంత్రం ఏ పక్కనుంచి దిగుతాయి?" అని అడగండి. ఫోన్లో గీసుకున్న దోవ చూపిస్తే బొమ్మ వాళ్లకి పట్టదు, కాబట్టి కొండవైపు వేలు పెట్టి ఆ చెట్టు, ఆ బండ అని అడగాలి. ఒక తాత నాకు అలా చెప్పిన మాట: "ఆడ్నుంచి మేక దిగద్ది నాయనా, మనిషి దిగడు." మ్యాప్‌లో ఆ చోట గీతలు చాలా మర్యాదగా, ఎడంగా ఉన్నాయి. (వచ్చేటప్పుడు ఉదయగిరి చెక్క గరిటెలు కొనుక్కోండి, ఇంట్లో తిట్లు తగ్గుతాయి.)

టైము లెక్కకి నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన సూత్రం ఒకటుంది: గంటకి ఐదు కిలోమీటర్లు, పైన 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. నాలుగు కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అయితే గంటా యాభై నిమిషాల లోపే అని తేలుతుంది. అది వాళ్ల చలిదేశపు గడ్డి కొండలకి. మన కంపకీ ఎండకీ దాన్ని రెట్టింపు చెయ్యండి. జనవరిలో ఆరింటికల్లా పొద్దుగూకుతుంది, ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగండి.

పెంచలకోన విషయానికొస్తే, గుడి, దాని దగ్గరి వాగు దాకా అందరూ పోయేదే. ఆపైన పెనుశిల నరసింహ అభయారణ్యం, 1997లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. మీ ఫోన్ మ్యాప్‌లో అక్కడ దోవ గీసి ఉన్నంత మాత్రాన అది పోదగ్గ దోవ కాదు. పైగా ఎర్రచందనం అడవి. బ్యాగులేసుకుని నలుగురు కుర్రాళ్లు వేళకాని వేళ చెట్లలోంచి బయటికొస్తే ఫారెస్టు వాళ్లు ట్రెక్కింగ్ అనుకోరు. ఎలుగుబంట్లు సరేసరి. రేంజ్ ఆఫీసుకి పోయి అడగండి, అనుమతిస్తే వాళ్ల మనిషిని తోడు తీసుకుని పోండి, లేదంటే గుడి చూసుకుని వచ్చేయండి. ఇక్కడ మ్యాపు తెలివి పనికిరాదు. ఉదయగిరిలో కూడా ఫారెస్టు బీట్ వాళ్లకి ఒక మాట చెప్పి ఎక్కడం మంచిది.

ఫోన్ సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఆర్గానిక్ మ్యాప్స్ గానీ ఓస్మ్‌యాండ్ గానీ వేసుకుని ఇంట్లోనే మ్యాప్ దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ సాయంత్రం దాకా వస్తుంది. గూగుల్ ఎర్త్‌లో గీసిన దోవని కేఎంఎల్ (మ్యాప్ మీద గీసిన గీతల్ని దాచే రకం) ఫైలుగా దాచి ఈ యాప్‌లోకి తెచ్చుకోవచ్చు. నలుగురిలో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ఒక ఏ4 కాగితం మీద షీట్ ముక్క ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి, చెమటకి తడవకుండా కవర్లో.

ఉదయగిరికి మీరు గీసుకున్న దోవ ఫైలు ఇక్కడ కింద పెడితే చూసి చెబుతాను. ఎక్కే దోవ సరే, దిగేది ఎటువైపు అనుకుంటున్నారో కూడా రాయండి, మీ ప్రశ్నలో ఆ మాట లేదు.