పుస్తకంలో ఉంది సార్!

ప్రశ్న: మా మిఠాయి దుకాణంలో కల్తీ నెయ్యి వాడుతున్నామని ఎవరో వాట్సాప్‌లో తిప్పారు. దసరా అమ్మకాలు సగానికి పడిపోయాయి. ఇలాంటి అబద్ధాలను తీసేయించే అధికారం మొత్తం ప్రభుత్వానికి ఇచ్చేస్తే పీడ విరగడవుతుంది కదా! మీ లాయర్లు ఎందుకు అడ్డుపడతారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ కడుపుమంట అర్థమైంది. కానీ మీ కష్టానికి పరువునష్టం చట్టం ఎప్పటినుంచో ఉంది. కొత్త అధికారం ఇస్తే ఏమవుతుందో చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

2017లో ఒక కుర్రవాడు నా దగ్గరికి వచ్చాడు. వీధిలో పొంగిన మురుగుకాలువ ఫొటో పెట్టి, ‘కౌన్సిలర్ గారూ, ఒక పడవ పంపండి’ అని ఫేస్‌బుక్‌లో రాశాడట. ఐటీ చట్టం 66ఏ కింద కేసు కట్టారు. ఎదుటివారికి చిరాకు కలిగించినా నేరమే అనే సెక్షన్ అది. 2012లో ముంబై బంద్‌ను ప్రశ్నించిన ఒక పోస్టుకు పాల్‌ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు, గుర్తుందా? అందులో ఒకరు చేసిన పాపం లైక్ కొట్టడమే. ఆ గొడవ తర్వాతే 66ఏను సవాలు చేస్తూ శ్రేయా సింఘాల్ కేసు వచ్చింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసింది. ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లావాసి జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు.

అంటే మావాడిపై కేసు పెట్టేనాటికి ఆ సెక్షన్ చచ్చి రెండేళ్లు. స్టేషన్‌కు వెళ్లి అదే అడిగాను. రైటర్ నొచ్చుకుని, అట్ట ఊడిన చట్టం పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. “పుస్తకంలో ఉంది సార్!” నిజమే, పూర్తి పాఠం ఉంది. కొట్టేసిన సంగతి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నా కళ్లద్దాలు ఇచ్చి చదివించాను. హైకోర్టులో కేసు కొట్టేయించేసరికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా వాడి పాస్‌పోర్టు ఆగిపోయింది. ఇది ఒక్క స్టేషన్ కథ కాదు. ఈ సెక్షన్ కింద ఇక కేసులు పెట్టవద్దని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది.

ఏ పార్టీ ప్రభుత్వమని అడగకండి. కేరళలో వామపక్ష ప్రభుత్వం 2020లో పోలీసు చట్టంలో ఇలాంటిదే 118ఏ సెక్షన్ తెచ్చి, గగ్గోలు పుట్టాక వెనక్కి తీసుకుంది. 2023లో కేంద్రం, తన వ్యవహారాల గురించి రాసినవాటిలో ఏది అబద్ధమో తన విభాగమే తేలుస్తుందని నిబంధన తెచ్చింది. మీ తూకపురాళ్లకు ముద్ర మీరే వేసుకుంటామంటే తూనికల శాఖ ఒప్పుకుంటుందా? బొంబాయి హైకోర్టూ ఒప్పుకోలేదు. 2024 సెప్టెంబరులో కొట్టేసింది.

అసలు ఏదీ తీయించకూడదని నేను అనను. తీయించే ఉత్తర్వు, దాని కారణం రాసినవాడి చేతికి ఇమ్మంటాను. ఇంటర్నెట్‌లో ఉన్నదాన్ని అడ్డుకోమని కేంద్రం ఆదేశించే సెక్షన్ ఐటీ చట్టంలోని 69ఏ. దాని కింద ఇచ్చే ఉత్తర్వులను గోప్యంగా ఉంచాలని 2009 నిబంధనల్లోనే రాసుకున్నారు. నా పేచీ అక్కడే.

ఇక మీ సంగతి. ఆ సందేశం ఏ నంబరు నుంచి, ఏ గ్రూపులో, ఎన్ని గంటలకు వచ్చిందో కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. నెయ్యిని గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి, రిపోర్టును గల్లాపెట్టె పక్కన అంటించండి. ఆ రెండూ పట్టుకుని మీ ఊరి లాయరు దగ్గరికి వెళ్లి, ముందు నోటీసు పంపించండి.