సూపర్‌హీరో సినిమాలు మొహం మొత్తాయా? వసూళ్లు చూసి ఎలా తేల్చుకోవాలి

మీ ప్రశ్న ఇది: "మార్వెల్, డీసీ సినిమాలు వరసగా దెబ్బతింటున్నాయి. జనానికి సూపర్‌హీరోలంటేనే మొహం మొత్తిందా, లేక సినిమాలే బాగోవట్లేదా?"

రెండూ జరిగాయి, కానీ ఒకదాని తర్వాత ఒకటి. 2023లో పోయినవాటిలో ఎక్కువ భాగం బాగోలేక పోయాయి. 2025కి వచ్చేసరికి బాగున్నాయని పేరొచ్చిన సినిమాలకు కూడా మునుపటిలా జనం రాలేదు. నా దృష్టిలో అసలు విసుగంటే ఈ రెండోదే. 2023లో చేసిన అప్పును 2025 సినిమాలు వడ్డీతో కట్టాయి. ఈ తేడా వసూళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది, కాకపోతే ఏ అంకె ఏం చెబుతుందో తెలియాలి.

మొదటి వీకెండ్ వసూలు సినిమా బాగుందో లేదో చెప్పదు. అది సినిమా చూడకముందే టికెట్ కొన్నవాళ్ల డబ్బు. అంతకుముందు వచ్చిన రెండు మూడు సినిమాల మీద జనానికి మిగిలిన నమ్మకం ఎంతో అది చెబుతుంది. సినిమా ఎలా ఉందో చెప్పేది రెండో వీకెండ్. మొదటి శుక్ర, శని, ఆదివారాల మీద రెండో వారం అవే మూడు రోజుల వసూలు ఎంత శాతం పడిందో చూడాలి. సూపర్‌హీరో సినిమాలకు ఫ్యాన్స్ మొదటి మూడు రోజుల్లోనే ఎగబడతారు కాబట్టి 50 నుంచి 55 శాతం పడటం మామూలే. 65 దాటితే టాక్ బాగోలేదని, లేదా ఫ్యాన్స్ తప్ప బయటివాళ్లు రాలేదని అర్థం. ఇక మూడోది మల్టిప్లయర్: అమెరికా, కెనడాల మొత్తం వసూలును మొదటి వీకెండ్‌తో భాగిస్తే వచ్చే అంకె. ఈ తరహా సినిమాకి 2.5 వస్తే ఫర్వాలేదు. 3 దాటితే జనం నెత్తిన పెట్టుకున్నట్టు. 2 దగ్గర ఆగిపోతే తిప్పికొట్టినట్టే.

ఇప్పుడు 2023లో మూడు నెలల తేడాతో వచ్చిన రెండు మార్వెల్ సినిమాలు పక్కపక్కన పెట్టండి. ఫిబ్రవరిలో వచ్చిన 'యాంట్-మ్యాన్ అండ్ ది వాస్ప్: క్వాంటమేనియా' మొదటి వీకెండ్ 10.6 కోట్ల డాలర్లు. యాంట్-మ్యాన్ మూడు సినిమాల్లో అదే పెద్ద ఓపెనింగ్. రెండో వీకెండ్‌లో దాదాపు 70 శాతం పడిపోయింది. మొత్తం 21.4 కోట్లు, మల్టిప్లయర్ 2. మే నెలలో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' మూడో భాగం ఓపెనింగ్ 11.8 కోట్లు. రెండో వీకెండ్ 48 శాతమే పడింది. మొత్తం 35.9 కోట్లు, మల్టిప్లయర్ 3. సంస్థ ఒకటే, ఏడాది ఒకటే, ఓపెనింగ్ కూడా ఇంచుమించు ఒకటే. జనానికి విసుగే పుట్టి ఉంటే రెండూ పడాలి కదా? ఒకటి నిలబడింది. కాబట్టి యాంట్-మ్యాన్ విషయంలో తప్పు సినిమాదే.

అమెరికాలో సినిమాస్కోర్ అని ఒక సంస్థ ఉంది. మొదటి రోజు హాలు నుంచి బయటికొచ్చే ప్రేక్షకుల చేత కార్డు మీద మార్కులు వేయిస్తుంది. ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా ఉంటాయి. తెలియనివాళ్లు ఇక్కడే పొరపడతారు. 'బి' అంటే మన పరీక్షల లెక్కలో ఫస్ట్ క్లాస్‌లా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు వచ్చేది ఎవరు? ఇష్టపడాలని నిశ్చయించుకుని వచ్చిన ఫ్యాన్స్. వాళ్లే 'బి' ఇచ్చారంటే మామూలు ప్రేక్షకుడికి ఇంకా తక్కువగానే అనిపిస్తుంది. మార్వెల్ స్టూడియోస్ సినిమాలకు 2021లో 'ఎటర్నల్స్' దాకా ఎప్పుడూ 'బి' రాలేదు. ఆ తర్వాత క్వాంటమేనియాకు వచ్చింది, 'ది మార్వెల్స్'కు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో 'కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్'కు బి మైనస్ పడింది. 2019లో 'అవెంజర్స్: ఎండ్‌గేమ్'కు ఏ ప్లస్ ఇచ్చిన ప్రేక్షకులే వీళ్లు.

'ది మార్వెల్స్' దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే రెండు జబ్బులూ కలిసి కనిపించేది అక్కడే. 2023 నవంబర్ 10న వచ్చింది. ఓపెనింగ్ 4.6 కోట్లు, రెండో వీకెండ్ 78 శాతం కింద, అమెరికా మొత్తం 8.4 కోట్లు. ప్రపంచమంతా కలిపి 20.6 కోట్ల డాలర్లు. దానికి ముందు భాగమైన 'కెప్టెన్ మార్వెల్' 2019లో 113 కోట్లు తెచ్చింది. నటీనటుల సమ్మె విడుదలకు ఒక రోజు ముందే ముగిసింది కాబట్టి ప్రచారం సరిగ్గా జరగలేదన్న మాట నిజమే. కానీ అసలు కారణం కథలోనే ఉంది. ముగ్గురు నాయికల్లో ఒకరికి శక్తులు ఎలా వచ్చాయో తెలియాలంటే 'వాండావిజన్' సిరీస్ చూసి ఉండాలి. ఇంకొకరు ఎవరో తెలియాలంటే 'మిస్ మార్వెల్' సిరీస్ చూడాలి. రెండూ మార్వెల్ యజమాని డిస్నీ నడిపే ఓటీటీ డిస్నీ ప్లస్‌లో వచ్చినవి. అంటే టికెట్ కొనేముందు పన్నెండు పదిహేను ఎపిసోడ్ల హోమ్‌వర్క్. చంటిపిల్లతో ఆదివారం సినిమాకి వెళ్దామనుకున్న అమ్మానాన్నలు ఆ పని చేయరు. వేరే సినిమాకి వెళ్తారు, లేదా ఇంట్లోనే ఉంటారు.

2021 ఒక్క ఏడాదిలో మార్వెల్ నుంచి నాలుగు సినిమాలు, ఐదు సిరీస్‌లు వచ్చాయి. అంతకుముందు ఏడాదికి రెండు మూడు సినిమాలు వచ్చేవి, సినిమాకీ సినిమాకీ మధ్య ఎదురుచూపు ఉండేది. ఆ ఎదురుచూపే వాళ్ల అసలు పెట్టుబడి. దాన్ని వాళ్లే కరిగించుకున్నారు. డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ 2024 మేలో ఇకపై ఏడాదికి రెండు, మహా అయితే మూడు సినిమాలు, సుమారు రెండు సిరీస్‌లు మాత్రమే అని ప్రకటించాల్సి వచ్చింది.

ఇప్పుడు 2025కి రండి. మేలో 'థండర్‌బోల్ట్స్'. సినిమాస్కోర్ ఏ మైనస్, సమీక్షలు మంచివి, రెండో వీకెండ్ సుమారు 55 శాతమే పడింది, మల్టిప్లయర్ 2.5 పైనే. టాక్‌కు వంక పెట్టడానికి లేదు. కానీ ఓపెనింగ్ 7.4 కోట్లే, ప్రపంచమంతా కలిపి 38.2 కోట్ల దగ్గర ఆగిపోయింది. చూసినవాళ్లకు నచ్చింది, కానీ చూడటానికే రాలేదు. ఓపెనింగ్ తక్కువగా ఉండి, లాంగ్ రన్ బాగుంటే ఆ సినిమా తన తప్పు లేకుండా ముందువాటి పాపం మోస్తోందని అర్థం.

జులైలో వచ్చిన 'ది ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్' ఇంకో రకం కేసు, నన్ను అన్నింటికంటే ఆలోచనలో పడేసింది ఇదే. ఓపెనింగ్ 11.8 కోట్లు, సరిగ్గా గార్డియన్స్ స్థాయి. సినిమాస్కోర్ ఏ మైనస్. హోమ్‌వర్క్ కూడా లేదు, వేరే లోకంలో జరిగే విడి కథ. అయినా రెండో వీకెండ్ 66 శాతం పడిపోయింది. మార్కులు బాగుండి ఇంత పడటం ఎప్పుడు జరుగుతుంది? ఫ్యాన్స్ వచ్చి చూసి సంతోషపడి వెళ్లిపోయారు, వాళ్ల వెనక రావాల్సిన మామూలు జనం లేరు. చెరువు పూర్తిగా ఎండలేదు గానీ నీళ్లు మధ్య గుంటలోకి చేరాయి. అదే నెల డీసీ వాళ్ల 'సూపర్‌మ్యాన్' ఓపెనింగ్ 12.5 కోట్లు, 53 శాతం డ్రాప్, మల్టిప్లయర్ 2.8. ఆ ఏడాది ఈ తరహాలో అందరికంటే మెరుగు. అదీ ప్రపంచవ్యాప్తంగా 61 కోట్ల పైచిలుకు దగ్గరే ఆగింది. 2025లో ఒక్క సూపర్‌హీరో సినిమా కూడా 70 కోట్ల డాలర్లు దాటలేదు.

"మరి 2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరీన్' 133 కోట్లు ఎలా తెచ్చింది?" అని మీరు అడుగుతారు. 2021లో 'స్పైడర్-మ్యాన్: నో వే హోమ్' 192 కోట్లు తెచ్చిన దారిలోనే. ఒకదాంట్లో 2000 నుంచి వుల్వరీన్‌గా చూసిన హ్యూ జాక్‌మన్ తిరిగొచ్చాడు, ఇంకొకదాంట్లో పాత స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దరూ తిరిగొచ్చారు. ఇరవై ఏళ్లుగా దాచుకున్న అభిమానాన్ని బ్యాంకు నుంచి తీసి ఖర్చుపెట్టారు. అలా తీసే డబ్బు ప్రతి ఏడాదీ ఉండదు.

లెక్కలు చూసేటప్పుడు చాలామంది చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. 2019 నాటి ప్రపంచ వసూలును ఇప్పటిదాంతో పోల్చేముందు చైనాను తీసేయాలి. ఎండ్‌గేమ్ తెచ్చిన 279.8 కోట్లలో దాదాపు 63 కోట్లు చైనావే. 2019 జులై నుంచి 2023 ఫిబ్రవరి దాకా అక్కడ మార్వెల్ సినిమాలు విడుదలే కాలేదు. మళ్లీ తలుపు తీశాక క్వాంటమేనియాకు అక్కడ వచ్చింది 3.9 కోట్లు. 'కెప్టెన్ మార్వెల్' లెక్కలోంచి చైనా 15 కోట్లు తీసేసినా 97 కోట్ల పైనే మిగులుతుంది, కాబట్టి 'ది మార్వెల్స్' పతనానికి చైనా సాకు సరిపోదు. ఇంకో పొరపాటు, మొదటి శుక్రవారం అంకెలో గురువారం ప్రివ్యూల, అంటే ముందురోజు వేసే ఆటల డబ్బు కలిసి ఉంటుంది. దాన్ని తీయకుండా రెండో శుక్రవారంతో పోలిస్తే డ్రాప్ లేనంత ఎక్కువగా కనిపిస్తుంది. మన సినిమాల అమెరికా ప్రీమియర్లకూ ఇదే వర్తిస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కు: తెలుగు ట్రేడ్ షేర్‌లో మాట్లాడుతుంది, హాలీవుడ్ సినిమాల ఇండియా లెక్క నెట్‌లో వస్తుంది, పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు. గ్రాస్ అంటే టికెట్ల మొత్తం డబ్బు, దాంట్లోంచి జీఎస్టీ తీస్తే నెట్, దాంట్లోంచి థియేటర్ వాటా పోతే షేర్. ఈ మూడూ కలిపి పోల్చితే ఏదీ తేలదు.

హిట్టా ఫ్లాపా తేల్చడానికి బడ్జెట్‌ను 2.5తో గుణించి, ప్రపంచ గ్రాస్ అది దాటిందా అని చూస్తారు. బడ్జెట్‌లో ప్రచారం ఖర్చు కలపరు, అమెరికాలో టికెట్ డబ్బులో సగం దాకా థియేటర్లే ఉంచుకుంటాయి, బయట దేశాల్లో స్టూడియోకి ఇంకా తక్కువ వస్తుంది. అందుకే రెండున్నర. సూపర్‌మ్యాన్ బడ్జెట్ 22.5 కోట్లు, దాటాల్సింది 56 కోట్లు. గట్టెక్కింది. థండర్‌బోల్ట్స్ 18 కోట్లు, దాటాల్సింది 45. గట్టెక్కలేదు. 38 కోట్ల డాలర్లు తెచ్చిన సినిమా ఫ్లాప్ అవుతోందంటే అక్కడ విసుగు ఎంతో, ఖర్చు కూడా అంతే కారణం.

మన వైపు చూస్తే సూపర్‌హీరో అనే ఊహకు విసుగు పుట్టలేదని తేలిగ్గా చెప్పొచ్చు. 2024 జనవరి 12న 'హనుమాన్' వచ్చింది. అదే రోజు 'గుంటూరు కారం', తర్వాతి రెండు రోజుల్లో 'సైంధవ్', 'నా సామిరంగ'. మొదటి రోజు హైదరాబాద్ సింగిల్ స్క్రీన్లలో 'హనుమాన్'కు పెద్దగా చోటు దొరకలేదు. టాక్ వచ్చాక స్క్రీన్లు పెరిగాయి, ఉత్తర అమెరికాలో 50 లక్షల డాలర్లు దాటింది. అంజనాద్రి అనే ఊరు, నీళ్లలో దొరికే రుధిరమణి, దాంతో బలం వచ్చే అల్లరి కుర్రాడు. హనుమంతుడెవరో ఆరేళ్ల పిల్లాడికీ చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టులో మలయాళ 'లోక', తెలుగులో 'కొత్త లోక', కేరళ యక్షి కథను పట్టుకుని తక్కువ ఖర్చుతో ఘనవిజయం సాధించింది. తర్వాతి నెల 12న తెలుగు సూపర్‌హీరో సినిమా 'మిరాయ్' వచ్చిన రోజే జపాన్ యానిమే (యానిమేషన్ సినిమా) 'డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు డబ్బింగ్‌తో సహా దేశమంతా విడుదలై, ఆ ఏడాది ఇక్కడికొచ్చిన హాలీవుడ్ సూపర్‌హీరో సినిమాలన్నింటినీ దాటేసింది. ఇంటర్ కుర్రాళ్లు, డిగ్రీ పిల్లలు ఎటు వెళ్లారో అక్కడ కనిపిస్తుంది. మన నిర్మాతలకు నేను భయపడుతూ చెప్పే మాట ఒకటుంది: ప్రతి సినిమా చివర తర్వాతి భాగానికి ముడి వేసి 'యూనివర్స్' అని ప్రకటించే అలవాటు ఇక్కడా మొదలైంది. మార్వెల్‌ను ముంచిన హోమ్‌వర్క్ అలాగే మొదలైంది.

2026 డిసెంబర్ 18కి ప్రకటించిన 'అవెంజర్స్: డూమ్స్‌డే' విషయంలో మీరే తేల్చుకోవాలనుకుంటే, శనివారం సాయంత్రం హైదరాబాద్ ప్రసాద్స్‌లో పీసీఎక్స్ అనే పెద్ద స్క్రీన్ నిండిందా లేదా అని చూడకండి, అది ఎలాగూ నిండుతుంది. సోమవారం ఫస్ట్ షో, వరంగల్ లేదా రాజమండ్రిలో తెలుగు డబ్బింగ్ 2డి ఆట సీట్ల పటం బుకింగ్ యాప్‌లో తెరవండి. ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు చూడండి, కౌంటర్‌లో అమ్మిన టికెట్లు కొన్నిచోట్ల పటంలో కనిపించవని గుర్తుంచుకోండి. వెనక వరసల్లో అక్కడొకటి ఇక్కడ రెండు చొప్పున పోయి ఉంటే వాళ్లు ఫ్యాన్స్. నాలుగైదు సీట్లు ఒక్క గుత్తిగా, అలాంటివి రెండు మూడు వరసల్లో పోయి ఉంటే కుటుంబాలు వస్తున్నాయి. ఆ తర్వాతి శుక్రవారం కొత్త సినిమాలు దిగాక ఆ ఊళ్లో తెలుగు ఆటలు ఎన్ని మిగిలాయో ఇంకోసారి చూడండి.