మిర్యాలగూడ: రద్దయిన సీటు, ఇద్దరు బీఎన్ రెడ్డిలు

"2009 ఎన్నికలకు ముందు రద్దయిన లోక్‌సభ స్థానాల్లో మీది ఉందా? అక్కడ ఎవరు గెలిచేవాళ్లు?" అని అడిగారు.

ఉంది, మిర్యాలగూడ. నేనుండేది వనస్థలిపురంలో. మా కాలనీలో సగం మంది నల్గొండ జిల్లావాళ్లే, కానీ అలాంటి ఎంపీ సీటు ఒకటి ఉండేదని వాళ్ల పిల్లలకు తెలీదు.

1962లో సీపీఐ నుంచి లక్ష్మీదాస్, 1967లో కాంగ్రెస్ నుంచి జి.ఎస్. రెడ్డి గెలిచారు. 1971లో ప్రత్యేక తెలంగాణ కోసం పుట్టిన తెలంగాణ ప్రజా సమితి ఏకంగా 10 సీట్లు కొట్టింది. అంత గాలిలోనూ మావాళ్లు సీపీఎంకే ఓటేసి భీమిరెడ్డి నర్సింహారెడ్డిని ఢిల్లీకి పంపారు. సాయుధ పోరాటంలో దళాలు నడిపిన మనిషి, మల్లు స్వరాజ్యం గారి అన్న. 1977, 1980లో మళ్లీ జి.ఎస్. రెడ్డి, 1984లో మళ్లీ భీమిరెడ్డి.

అసలు తమాషా 1989లో మొదలైంది. ఆసారి కాంగ్రెస్ నుంచి గెలిచినాయన బద్దం నర్సింహారెడ్డి. ఆయనా బీఎన్ రెడ్డే, ఈయనా బీఎన్ రెడ్డే!

1991 లెక్కింపు రోజు మా ఊరి హోటల్ ముందు ఒక బెంచీ మీద మా మేనమామ కాంగ్రెస్ బ్యాచ్, ఎదురు బెంచీ మీద మా పెద్దబాపు సీపీఎం బ్యాచ్. బ్యాలెట్ పేపర్ల కాలం కదా, లెక్క తెగదు. ఎవరి దగ్గరా ఫోన్ లేదు. చీకటి పడ్డాక బస్సు దిగిన కుర్రాడొకడు "బీఎన్ గెలిచిండు!" అని అరిచాడు. రెండు బెంచీలూ లేచాయి. మామ పటాకులు అంటించాడు, పెద్దబాపు డప్పు కొట్టించాడు. కాసేపటికి పెద్దబాపుకే అనుమానం వచ్చి "ఏ బీఎన్‌రా?" అంటే, వాడు బిక్కమొహం వేసి "అదైతే నేను అడగలే పెద్దయ్యా" అన్నాడు. గెలిచింది భీమిరెడ్డి అని పొద్దున పేపరొస్తే గానీ తేలలేదు. పటాకుల డబ్బులు పెద్దబాపు ఇవ్వాలని మామ చాలాకాలం పంచాయితీ పెట్టాడు.

ఇప్పటికీ ఇద్దర్నీ ఒకరే అనుకుని చెప్పేవాళ్లున్నారు. గత ఎన్నికలప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన "బీఎన్ రెడ్డి అయిదారుసార్లు ఎంపీ, మధ్యలో పార్టీ మారాడు" అని నాకే క్లాసు పీకాడు. ఒళ్లు మండింది. భీమిరెడ్డివి మూడు గెలుపులు, బద్దానివి 1996, 1998 కలిపి మూడు. పక్క నల్గొండ సీటులో 1996లో ఫ్లోరైడ్ నీళ్ల మీద కోపంతో 480 మంది పోటీ చేస్తే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది. అది మాత్రం అందరికీ గుర్తే!

1999, 2004లో జైపాల్ రెడ్డి గెలిచారు. తర్వాత నియోజకవర్గాల పునర్విభజనలో సీటే పోయింది, ఆయన 2009లో చేవెళ్లకు వెళ్లారు. మిర్యాలగూడ అసెంబ్లీ నల్గొండ లోక్‌సభలో కలిసింది, కొత్తగా భువనగిరి పుట్టింది.

నన్నడిగితే మా జిల్లాలో ఎర్రజెండాను దెబ్బతీసింది ఏ పార్టీ కాదు, ఆ మ్యాపే. 2004లో కూడా నల్గొండ ఎంపీ సీపీఐ సురవరం సుధాకర్ రెడ్డే. మ్యాపు మారాక నల్గొండలో గానీ భువనగిరిలో గానీ కమ్యూనిస్టు ఎంపీ ఒక్కడూ గెలవలేదు. దానికి సవాలక్ష కారణాలున్నాయని మా మామ అంటాడు. ఆయన కాంగ్రెసాయన, అలాగే అంటాడు.